అప్‌డేట్: ఎమోజీ పెడితే కామెంట్ సగంలో తెగిపోయే సమస్య తీరింది

ఎమోజీ పెట్టిన చోటి నుంచి కామెంట్ మిగతా భాగం సేవ్ కావట్లేదని ఇక్కడ అడిగాను కదా, కారణం దొరికింది. మేం కామెంట్లు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరున్న క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) అక్షరానికి 3 బైట్లే ఇస్తుందట, ఎమోజీకి 4 కావాలి. తెలుగు అక్షరాలు సరిగ్గా 3 బైట్లలో సరిపోతాయి కాబట్టి నా టెస్టులన్నీ పాస్, అందుకే అనుమానమే రాలేదు! స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటా వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండటంతో ఎర్రర్ కూడా లేకుండా మిగతాది కోసేసింది, అసలు కోపం దాని మీదే.

మీరు చెప్పినట్టే టేబుల్‌ని అక్షరానికి 4 బైట్ల దాకా ఇచ్చే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాను. అయినా ఎమోజీ బదులు నాలుగు ప్రశ్నార్థకాలు. రెండు గంటలు జుట్టు పీక్కున్నాక చూస్తే మా ప్రోగ్రామ్ డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్ సెట్టింగ్‌లో పాత క్యారెక్టర్ సెట్టే ఉంది, అదీ మార్చాక కుదిరింది. తెగిన పాత కామెంట్లు మాత్రం తిరిగి రావు. మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్‌లో యూటీఎఫ్8ఎంబీ4యే డిఫాల్ట్, మాది 5.7. అందరికీ థాంక్స్.