రాక్ వినడానికి 60 వేలలో ఏం కొనాలి? మారతహళ్లి ఫ్లాట్

మారతహళ్లి_శ్రోత:
అందరికీ నమస్తే. ఇంట్లో పాటలు వినడానికి మంచి సెట్ కొనాలనుకుంటున్నా. వినేది ఎక్కువగా రాక్, మెటల్. బడ్జెట్ 60 వేలు. హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, నేలంతా టైల్స్. ఒక షాపుకి వెళ్తే "రాక్ అంటే బేస్ కావాలి సార్, 1000 వాట్ల సౌండ్‌బార్ తీసుకోండి" అన్నారు. అక్కడ వింటే చెవులు అదిరాయి కానీ గిటార్లు, డ్రమ్స్ అన్నీ ఒకటే ముద్దలా వినిపించాయి. పైగా ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. కింద ఇంట్లో పెద్దవాళ్లున్నారు, గట్టిగా పెట్టలేను. ఏం కొంటే మంచిది?

బనశంకరి_బాస్:
తమ్ముడూ, ముద్దలా ఉందని నీకు అక్కడే తెలిసిందంటే నీ చెవులు బాగున్నాయి. వాటినే నమ్ము.

రాక్‌కి బేస్ కావాలన్నది నిజమే. ఎలాంటి బేస్ అన్నదే అసలు విషయం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. అందులో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్, అదే కిక్ డ్రమ్, దాని దెబ్బలో బలమంతా దాదాపు 50 నుంచి 100 మధ్య ఉంటుంది. అంటే రెండూ పక్కపక్కనే. కిక్ ఠక్కున తగిలి ఆగిపోవాలి, బేస్ దాని వెనక సాగాలి. ఆ తేడా తెలియకపోతే రాక్‌లో సగం పోయినట్టే. 2007లో ఇక్కడ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బ్యాండ్ వాయించినప్పుడు నేను జనంలో ఉన్నాను. ఆ గుండె అదురు 12 అడుగుల హాల్లో రాదు, దాని కోసం డబ్బు తగలెయ్యకు. వాళ్ల బేస్ గిటారిస్ట్ స్టీవ్ హ్యారిస్ వేళ్లు తీగల మీద పరిగెత్తే చప్పుడు మాత్రం ఇంట్లోనే ఇంకా బాగా వినొచ్చు. ఖర్చు పెడితే దానికి పెట్టు.

వాట్లు ఎంతని చెప్పినా ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల అసలు పవర్, ఎంత అని అడుగు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. సెన్సిటివిటీ అంటే ఒక వాట్‌కి స్పీకర్ ఎంత శబ్దం ఇస్తుందో చెప్పే లెక్క. అది 85 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ బదులు 88 ఉన్నది తీసుకుంటే సగం పవర్‌తో అదే శబ్దం వస్తుంది. నీ హాలుకి ఛానెల్‌కి (ఒక్కో స్పీకర్‌కి) 60 వాట్ల స్టీరియో ఆంప్లిఫయర్ (ఆంప్) ధారాళంగా సరిపోతుంది.

డబ్బులో ఎక్కువ భాగం ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ ఇచ్చే కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల (చిన్న డబ్బా స్పీకర్ల) జతకి పెట్టు. వార్ఫ్‌డేల్ డైమండ్ 12.2 లాంటివి విను. ఆంప్ అయితే యమహా ఏ-ఎస్301 చూడు, ఎందుకంటే అందులో లౌడ్‌నెస్‌కి విడిగా ఒక నాబ్ ఉంది. వాల్యూమ్ తగ్గిస్తే మన చెవికి ముందు బేసే వినపడటం మానేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట చిన్నగా పెడితే డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉండేది అందుకే. చిన్న వాల్యూమ్‌లోనూ బేస్‌ని నిలబెట్టేది ఆ నాబే, నీలా తొమ్మిది తర్వాత వినేవాళ్లకి అది చాలా అవసరం.

ఇక గది. 12 అడుగుల గది తనంతట తానే 47 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ గిటార్ లావు తీగ మీద రెండో ఫ్రెట్ (మెడ మీది రెండో గడి) నొక్కితే వచ్చేది 46. అంటే నీ హాల్లో ఆ ఒక్క స్వరం హోరెత్తి పక్క స్వరాలని మింగేస్తుంది. సోఫాని వెనక గోడకి ఆనించకు, హోరు అక్కడే ఎక్కువ. ఓ రెండడుగులు ముందుకు లాగు. స్పీకర్లని మూలల్లోకి తొయ్యకు. టైల్స్ మీద మందపాటి జంపఖానా పరువు, లేదంటే సింబల్స్ (డ్రమ్స్ సెట్‌లో ఉండే తాళాల్లాంటి పళ్లేలు) చెవిలో గుచ్చుకుంటాయి. ఇవన్నీ చేశాక కూడా బేస్ చాలలేదనిపిస్తే అప్పుడు సబ్‌వూఫర్ (బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) సంగతి చూద్దాం.

కడప_గిటార్:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. డెమోకి నువ్వు రోజూ వినే పాటలే తీసుకెళ్లు, కానీ రికార్డింగ్ ఎలాంటిదో చూసుకో. మెటల్ బ్యాండ్ మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' సీడీని మాస్టరింగ్‌లో, అంటే చివరి మెరుగుల్లో, ఎంత గట్టిగా చేశారంటే డ్రమ్స్ పగిలిపోతుంటాయి. గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో వచ్చిన వెర్షనే నయమని అభిమానులు అప్పట్లో గొడవ చేశారు. ఆ సీడీ పెట్టి చూస్తే ఏ స్పీకరూ నచ్చదు.

వేళచ్చేరి_వాసి:
మాది చెన్నై, ఫ్లాట్ కష్టాలు ఇక్కడా అవే. బేస్ స్లాబ్‌లోంచి కిందికి దిగిపోతుంది, జంపఖానా దాన్ని ఆపలేదు. సబ్‌వూఫర్ అస్సలు కొనొద్దనే నేనంటాను. పది దాటాక ఓపెన్ బ్యాక్ (వెనక మూత జాలీలా తెరిచి ఉండే) హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆ యమహాకి హెడ్‌ఫోన్ సాకెట్ కూడా ఉంది.

మారతహళ్లి_శ్రోత:
చాలా థ్యాంక్స్ అన్నా, సౌండ్‌బార్ ఆలోచన వదిలేశాను. స్పీకర్లు టీవీ యూనిట్ మీదే పెట్టొచ్చా? స్టాండ్స్‌కి డబ్బు మిగలదేమో.

బనశంకరి_బాస్:
పెట్టొచ్చు. యూనిట్ ముందు అంచు దాకా జరుపు, కింద మందపాటి ఫోమ్ వెయ్యి. ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) నువ్వు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. యూనిట్ పొట్టిదైతే ఫోమ్‌ని ముందు వైపు కొంచెం ఎత్తుగా కోసి, స్పీకర్ మొహం నీ వైపు తిరిగేలా వంచు.