కారు కడిగాక ఆరబెట్టడానికి ఏది మంచిది: షామీనా, సిలికాన్ బ్లేడా, టవలా, బ్లోయరా?

నల్లబండి:
కొత్తగా నల్ల కారు తీసుకున్నాను. కడగడం గురించి అందరూ దాదాపు ఒకటే చెప్తున్నారు, రెండు బకెట్లు, మంచి షాంపూ, చేతికి తొడుక్కునే మెత్తటి మిట్. తుడిచే దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలా ఒక మాట. నీళ్లు పీల్చే షామీ తోలు ఉంటే ఇంకేదీ అక్కర్లేదని ఒకరు, నీళ్లు లాగేసే సిలికాన్ బ్లేడ్‌తో క్షణాల్లో పని అయిపోతుందని ఇంకొకరు, అసలు పెయింట్‌ని ముట్టుకోకుండా గాలి ఊదే బ్లోయర్ కొనుక్కోమని మరొకరు. ఎండలో నిలబెడితే బోనెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనిపించే కార్లు చాలా చూశాను, నా బండికి ఆ గతి పట్టకూడదు. ముందుగా ఒకే ఒక్కటి కొనాలంటే ఏది కొనాలి? ఎందుకో కూడా చెప్పండి, నేను వాడుతున్నా బాగుంది అంటే సరిపోదు.

పాతకాపు:
నా ఓటు షామీకే. తడిపి, పిండి, బోనెట్ మీద ఒక్కసారి లాగితే నీటి చుక్క మిగలదు. పోగులు రాల్చదు, అద్దం మీద మరక వదలదు. నిఖార్సైన షామీ అంటే చేప నూనెతో పదును చేసిన గొర్రె తోలు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పీవీఏ అనే సింథటిక్ రకం, తడిగా ఉన్నంతసేపు మెత్తగా ఉంటుంది, ఆరిందంటే బిగుసుకుపోతుంది. దాన్ని సరిగ్గా నానబెట్టకుండా రుద్ది, గీతలు పడ్డాయని మొత్తం షామీలనే తిట్టడం న్యాయం కాదు. మైక్రోఫైబర్ రాకముందు జనం కార్లు తుడుచుకోలేదా? అప్పటి కార్లన్నీ గీతలతోనే తిరిగాయా?

పాలిష్‌పని:
పాతకాపు గారూ, గౌరవంగానే చెప్తున్నా, చాలావరకు గీతలతోనే తిరిగాయి. క్లియర్ కోట్ లేని రోజుల్లో రంగు వెలిసిపోయినప్పుడల్లా పాలిష్ కొట్టేవాళ్లు, పై పొరతో పాటు గీతలు కూడా పోయేవి, కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది, సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, సాధారణంగా తల వెంట్రుక మందం కూడా ఉండదు. గీత పోగొట్టడం అంటే ఆ పొరని గీత లోతు దాకా అరగదీయడమే. అలా ఎన్నిసార్లు అరగదీస్తాం?

అసలు గీత పెట్టేది గుడ్డ కాదు, గుడ్డకీ పెయింట్‌కీ మధ్య చిక్కిన ఇసుక రేణువు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానంలో 7, అంటే మామూలు గాజుని కూడా గీయగలదు, ఇక క్లియర్ కోట్ ఏపాటి? ఎంత శ్రద్ధగా కడిగినా బ్యాడ్జ్ అక్షరాల సందుల్లో, నంబర్ ప్లేట్ వెనక, డోర్ రబ్బర్ల దగ్గర ఎంతో కొంత మట్టి దాగి ఉంటుంది. కడిగాక కూడా ఆ నీళ్లు మెల్లగా జారుతూనే ఉంటాయి, వాటితో పాటు ఆ మట్టీ వస్తుంది. కాబట్టి ఏ పరికరాన్ని చూసినా నేను అడిగేది ఒకటే: దాని కింద ఒక రేణువు ఇరుక్కుంటే అది ఎక్కడికి పోతుంది? షామీ చదునుగా ఉంటుంది, లోపలికి పోవడానికి చోటే లేదు. పైగా తడి షామీ పెయింట్‌కి గట్టిగా అతుక్కుంటుంది, మీరు లాగినంత మేరా ఆ రేణువుని నొక్కిపట్టి లాక్కెళ్తుంది. సిలికాన్ బ్లేడ్ దానికంటే నయమేం కాదు, ఒత్తిడంతా ఒక సన్నటి అంచు మీదే పడుతుంది.

మంచి మైక్రోఫైబర్ టవల్‌కి పోగులు పొడవుగా నిలబడి ఉంటాయి, రేణువు వాటి మధ్యకి జారుకుంటుంది. గ్యారంటీ అని అనను. కానీ చోటు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఉంది.

త్వరపని:
బ్లేడ్ గురించి అంత భయపెట్టక్కర్లేదు. నాణ్యమైన సిలికాన్ చాలా మెత్తగా ఉంటుంది, కారు నిజంగా శుభ్రంగా ఉంటే గీత ఎక్కడి నుంచి వస్తుంది? వాన వెలిశాక అద్దాల మీద నీళ్లు లాగేయడానికి దాన్ని మించింది లేదు. రూఫ్ మీదున్న నీళ్లలో చాలా భాగం బ్లేడ్‌తో దించేసి, మిగిలిన తడికి టవల్ వాడితే టవల్ కూడా త్వరగా బరువెక్కదు.

పాలిష్‌పని:
అద్దాలకి వాడండి, నాకేం అభ్యంతరం లేదు, గాజు గట్టిది. మీరన్న ఆ "నిజంగా శుభ్రంగా ఉంటే" దగ్గరే మనకి తేడా. ఒక పని చేసి చూడండి. కారు కడిగి, తుడిచాక, పల్చటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని బోనెట్ మీద వేళ్లు మెల్లగా ఆనించి కదపండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోటే కవర్‌లోంచి గరుకుగా తగులుతుంది. అవి పెయింట్‌కి అతుక్కుపోయిన కణాలు, షాంపూకి రావు, క్లే బార్ అనే మెత్తటి ముద్దతో తీయాలి. కంటికి శుభ్రంగా కనిపించడం వేరు, శుభ్రంగా ఉండటం వేరు.

గాలిమర:
ఇంత చర్చ ఎందుకండీ, ముట్టుకోకపోతే గీతే పడదు కదా. బ్లోయర్ కొనండి. పెయింట్‌కి గాలి తప్ప ఏమీ తగలదు. టవల్ ఎంత ఖరీదైనదైనా సైడ్ మిర్రర్ లోపల ఉన్న నీళ్లని తీయలేదు, మొత్తం తుడిచి సంతోషంగా చూస్తుండగానే మిర్రర్ కింద నుంచి డోర్ మీదకి ఒక ధార దిగుతుంది, దాన్ని తుడవడానికి మళ్లీ అదే చోట టవల్ పెట్టాలి. గ్రిల్, హెడ్‌లైట్ చుట్టూ ఉన్న సందు, డోర్ హ్యాండిల్ వెనక గుంట, వీల్ నట్లు, డిక్కీ అంచు, ఇవన్నీ గాలికే లొంగుతాయి. పైగా అలా కారే మురికి నీళ్ల గురించే కదా పాలిష్‌పని గారు పైన చెప్పింది, గాలితో ముందే ఊదేస్తే సగం సమస్య తీరినట్టే.

పాతకాపు:
ఏ బ్లోయర్? ఆకులు ఊదేది అయితే నేల మీది దుమ్ముని లేపి తడి పెయింట్ మీదే కొడుతుంది. ఆ మోతకి పక్కింటివాళ్లు ఊరుకుంటారా?

గాలిమర:
దుమ్ము విషయం ఒప్పుకుంటాను, నేల తడిపి ఉంచాలి, మూతిని కిందికి తిప్పకూడదు, గాలి లాక్కునే వైపు నేలకి దగ్గరగా ఉండకూడదు. కార్ల కోసమే చేసినవాటికి లోపలికి వెళ్లే గాలికి ఫిల్టర్ ఉంటుంది, కొన్నిటిలో గాలి కాస్త వెచ్చగా కూడా వస్తుంది. మూతి దగ్గర గట్టి ప్లాస్టిక్ ఉంటే దానికి రబ్బర్ తొడుగు వేయండి, చెయ్యి జారి ఒక్కసారి డోర్‌కి తగిలిందంటే ఇంతసేపు మాట్లాడుకున్న సన్న గీతలన్నీ దాని ముందు లెక్కే కాదు. మోత మాత్రం నిజమే, తెల్లవారుజామున వాడే వస్తువు కాదు.

పాలిష్‌పని:
బ్లోయర్ నాకూ ఇష్టమే, అది ఒక్కటే చాలు అనడం దగ్గరే నా పేచీ. వ్యాక్సో, సీలెంటో, సిరామిక్ కోటింగో, ఇలా పెయింట్‌ని కాపాడే పూత ఏదైనా ఉన్న కారు మీద నీళ్లు గుండ్రటి చుక్కలుగా నిలబడతాయి, గాలి తగలగానే పరుగెత్తుతాయి. ఏమీ పూయని పెయింట్ మీద నీళ్లు పల్చగా పరుచుకుని అతుక్కుంటాయి, మీరు ఎంతసేపు ఊదినా ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుగుతాయి. ఈలోపు ఎండ తగిలిందో, హార్డ్ వాటర్‌లోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి మచ్చలుగా మిగిలిపోతాయి. వాటిని అలాగే వదిలేస్తే క్లియర్ కోట్ తినేసే దాకా వెళ్తుంది, అప్పుడు పాలిష్ తప్ప దారి లేదు. గీత పడకూడదని గాలికి వదిలేసి, మచ్చలు తెచ్చుకుని, ఆ మచ్చల కోసం రుద్దడం ఏం లాభం? ఖనిజాలు తీసేసిన నీళ్లతో చివరి కడుగు కడిగేవాళ్లు అలా వదిలేసినా పర్లేదు, అందరికీ ఆ ఏర్పాటు ఉండదు కదా.

డబ్బు ఖర్చు లేని చిట్కా ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదు. చివర్లో పైపుకి ఉన్న గన్ తీసేసి, నీళ్లని మెల్లగా, ధారగా రూఫ్ మీద నుంచి కిందికి పారించండి. పారే నీళ్లు పక్కనున్న చుక్కలని తమలో కలుపుకుని ఒక పొరగా దిగిపోతాయి. గన్‌తో చిమ్మితే లెక్కలేనన్ని చిన్న చుక్కలు మిగులుతాయి, ఇలా చేస్తే తుడవాల్సింది చాలా తగ్గుతుంది.

మెరుపు:
నా కారుకి 9హెచ్ సిరామిక్ కోటింగ్ ఉంది, అందుకే నాకు ఈ టెన్షన్ లేదు. దేనితో తుడిచినా గీత పడదన్నారు వేసినవాళ్లు.

పాలిష్‌పని:
దయచేసి ఆ మాట నమ్మి షామీ పట్టుకోకండి. 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం కొలత. వేర్వేరు గ్రేడ్ల పెన్సిళ్లతో పొరని గీసి చూసే పరీక్ష అది, మోస్ కొలమానం కాదు. మోస్‌లో 9 అంటే కురువిందం, కెంపులూ నీలాలూ ఆ జాతివే. మీ కోటింగ్ పెన్సిల్ మొనకి తట్టుకుంటుంది, ఇసుకకి కాదు. కోటింగ్‌తో నిజమైన లాభం ఏంటంటే మురికి తక్కువ అంటుకుంటుంది, నీళ్లు త్వరగా జారతాయి, దాంతో మీరు గుడ్డ పెట్టే అవసరం తగ్గుతుంది. అది చిన్న లాభమేం కాదు.

నల్లబండి:
అర్థమైంది, టవల్ వైపే మొగ్గుతున్నాను. కానీ టవల్ వాడేవాళ్ల బళ్ల మీద కూడా గుండ్రటి గీతలు చూశాను. గుండ్రంగా తిప్పి తుడవడం వల్లేనా? ఏ టవల్ కొనాలి, ఎలా వాడాలి?

పాలిష్‌పని:
గుండ్రంగా తిప్పకపోయినా అలాగే కనిపిస్తాయండీ. గీతలు అన్ని దిక్కుల్లో ఉంటాయి, సూర్యుడు లేదా బల్బు ప్రతిబింబం చుట్టూ సరైన కోణంలో ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అందుకే కంటికి వలయంలా కనిపిస్తాయి. మీరు పక్కకి జరిగితే ఆ వలయం కూడా మీతో జరుగుతుంది, చూడండి.

టవల్ విషయానికొస్తే, జీఎస్ఎం అని రాసి ఉంటుంది, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. గళ్లుగళ్లుగా ఉండే వాఫిల్ నేత రకాలు 400 అటూ ఇటూ, మెలితిప్పిన పోగుల రకం 1000 దాటి ఉంటాయి. నేనైతే రెండోదే తీసుకోమంటాను, పెద్దది, అంచులు మెత్తగా ఉన్నది. లేబుల్ కుట్టి ఉంటే ముందు అది తీసేయండి. బోనెట్ మీద టవల్ పరిచి, రెండు చేతులతో పైనుంచి మెల్లగా అద్ది, ఎత్తండి. కొందరు రెండు మూలలు పట్టుకుని తమ వైపు లాగుతారు, టవల్ బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా ఒక్కసారి లాగితే ఫర్వాలేదు, నల్ల కారుకి మాత్రం అద్దడమే నా మాట. తడి పెయింట్ మీద డ్రైయింగ్ ఎయిడ్ స్ప్రే కొంచెం కొట్టుకుంటే టవల్ పట్టెయ్యకుండా జారుతుంది. డోర్ల కింది భాగానికీ చక్రాలకీ వేరే గుడ్డ పెట్టుకోండి, పైన వాడే టవల్ అక్కడికి వెళ్లకూడదు.

త్వరపని:
ఆ టవల్‌ని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దని కూడా చెప్పండి. అది పోగుల మీద పూతలా పట్టేస్తుంది, అప్పుడు టవల్ నీళ్లు పీల్చకుండా వాటిని పెయింట్ మీద పరుచుకుంటూ పోతుంది. నూలు బట్టలతో కలిపి ఉతికినా వాటి పోగులన్నీ దీనికే చుట్టుకుంటాయి.

నల్లబండి:
సరే, పెద్ద టవల్ ఒకటి ముందు, బ్లోయర్ తర్వాత చూస్తాను. తుడిచేటప్పుడు టవల్ చేతిలోంచి జారి నేల మీద పడితే? దులిపి వాడొచ్చా?

పాలిష్‌పని:
వద్దు. నేల తాకిన టవల్ ఆ రోజుకి పక్కన పెట్టేయండి, దులిపితే రాలేది పై దుమ్మే, పోగుల్లో ఇరుక్కున్న ఇసుక రాలదు. అందుకే ఒకటి కాదు, రెండు కొనండి.

పాతకాపు:
పెయింట్ విషయంలో మీ వాదన కాదనలేకపోతున్నాను. అద్దాలకి మాత్రం నా తోలు షామీనే వాడతా, గాజు మీద గీతలు పడతాయని కూడా అంటారేమో చెప్పండి.

పాలిష్‌పని:
అద్దాలకి నిక్షేపంగా వాడండి. కాకపోతే వాడే ముందు బాగా జాడించండి, గాజునీ ఇసుక గీయగలదు.