బెంగళూరులో తెలుగు ప్రార్థన కూటం ఎక్కడైనా ఉందా?

మార్చిలో ఉద్యోగం పోయింది, ఇంట్లో ఇంకా చెప్పలేదు. మారతహళ్ళి పీజీలో ఒక్కడినే, ఆదివారం వస్తే టెన్షన్ ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు అమ్మతో చర్చికి వెళ్లేవాణ్ణి, ఇన్నేళ్ల తర్వాత కష్టమొచ్చిందని వెళ్తే ఏమనుకుంటారో?

జవాబు 1: ఏమీ అనుకోరు తమ్ముడూ, మేమంతా కష్టంలోనే వెళ్లాం. మా కూటం శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో పెట్టుకుంటాం, పాటలు, ప్రార్థన, తర్వాత స్టీలు గ్లాసుల్లో టీ. నా ఉద్యోగం పోయినప్పుడు అక్కడి అంకుల్ ఒకాయన బైబిల్ వాక్యం చెప్పి వదిలేయకుండా నా రెజ్యూమే ముందేసుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు.

జవాబు 2: మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో సెప్టెంబర్ 8న పండగ, కాషాయం చీరల్లో ఆడవాళ్లు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ గుంపులో ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు. కానుకల కోసం ఒత్తిడి చేసే చోటికి మాత్రం వెళ్లకు.

అడిగినతను: అన్నా, ఈ శుక్రవారం వస్తా. అమ్మకి కూడా ఇవాళే ఫోన్ చేసి చెప్పేస్తాను.