300 ఇళ్లు, 9 కిలోమీటర్ల దూరం: ఫైబరా, వైర్‌లెస్సా?

కొత్త_నోడ్: పాప్ (మా ఇంటర్నెట్ పరికరాలుండే కేంద్రం) నుంచి 9 కి.మీ. దూరంలో 300 ఇళ్లు. నాలుగు గుంపులుగా మరో 4 కి.మీ. పొడవునా పరుచుకుని ఉన్నాయి. దారంతా కరెంటు స్తంభాలు, సుమారు 50 మీటర్లకొకటి. మధ్యలో ఎత్తైన చెట్ల తోపు. జీపాన్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) లాగాలా, టవర్ మీద 5 గిగాహెర్ట్జ్ సెక్టార్లు (ఒక్కో దిక్కుకు ఒక్కో రేడియో) పెట్టాలా?

పచ్చ_కనెక్టర్: ఫైబరే. లెక్క చూడండి. చివరి ఇల్లు 13 కి.మీ. అప్‌స్ట్రీమ్ (ఇంటి నుంచి పాప్‌కు వెళ్లే వెలుగు) 1310 నానోమీటర్లలో వెళ్తుంది, నష్టం కిలోమీటరుకు 0.35 డీబీ (సిగ్నల్ నష్టానికి కొలత) చొప్పున 4.6. ముందు 1:4, తర్వాత 1:8 స్ప్లిటర్ (వెలుగును పాయలుగా పంచేది) పెడితే రెండూ కలిపి దాదాపు 18. కనెక్టర్లు నాలుగింటికి 2, స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) పదింటికి 1. మొత్తం 25.6. పాప్ వైపు వెలుగు పంపే బీ ప్లస్ మాడ్యూల్ 28 దాకా నష్టం మోస్తుంది.

టవర్_రాజు: 32 చొప్పున పంచితే 300 ఇళ్లకు 10 పాన్ పోర్టులు. 8 పోర్టుల ఓఎల్‌టీ (ఈ పోర్టులుండే, పాప్‌లోని పెట్టె) చాలదు, 16 పోర్టులదే కొనాలి. ఆ మాట నెమ్మదిగా దాటేశారు.

పచ్చ_కనెక్టర్: దాటేయలేదు. 1:8 మీద 1:8 పెట్టి 64కి పంచండి, 5 పోర్టులతో సరి. నష్టం 28.6 అవుతుంది, అందుకు సీ ప్లస్ మాడ్యూల్ వేయాలి. అది 32 మోస్తుంది.

టవర్_రాజు: ఇప్పుడు పోర్టుకు 2.488 గిగాబిట్లు 64 ఇళ్లకు. అందరూ ఒకేసారి లాగితే తలా 39 ఎంబీపీఎస్ కూడా రాదు. ఇదేనా మీ ఫైబర్ గొప్ప?

పచ్చ_కనెక్టర్: అందరూ ఒకేసారి పూర్తి వేగంతో లాగరన్న సంగతి మీకు తెలియదా? రద్దీ వేళకు ఇంటికి సగటున 3 ఎంబీపీఎస్ వేసుకోండి. 64 ఇళ్లకు 192. పోర్టు సామర్థ్యంలో పదో వంతు కూడా కాదు. మరి మీ సెక్టార్ సంగతి? 40 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో, మంచి సిగ్నల్ ఉన్నచోట, చేతికొచ్చేది 150 నుంచి 200 ఎంబీపీఎస్. తోపు వెనక ఇంట్లో సిగ్నల్ బలహీనపడి మైనస్ 78 డీబీఎంకు పడితే ఆ రేడియో తక్కువ మాడ్యులేషన్‌కు, అంటే నెమ్మది వేగానికి, దిగుతుంది. అదే డేటాకు మూడు నాలుగింతల సమయం గాలిని పట్టుకు కూర్చుంటుంది. దెబ్బ తగిలేది మంచి సిగ్నల్ ఉన్నవాళ్లకు.

నీలి_దీపం: శాటిలైట్ ఎవరూ అనరేం?

లైన్_మీద_లైన్: భూస్థిరమైతే 35,786 కి.మీ. పైన ఉంటుంది, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) అర సెకనుకు పైనే. దిగువ కక్ష్యలో ఆ బాధ లేదు గానీ అది విడి ఇంటికి పనికొచ్చే దారి. 300 ఇళ్ల ఆపరేటర్ దానిమీద వ్యాపారం కట్టలేడు.

టవర్_రాజు: పాయింటుకు వద్దాం. 9 కి.మీ.కు 180 స్తంభాలు. ఒక్కోదానికి అద్దె, అనుమతి. లారీ ఒకటి తగిలితే కేబుల్ తెగుతుంది. అప్పుడు ఓటీడీఆర్ (ఎంత దూరంలో తెగిందో చూపే పరికరం) పట్టుకుని తెగినచోటు వెతకాలి. రెండు మూరల కేబుల్ కూడా మిగులు వదలకపోతే ఒక అతుకుతో పోదు, మధ్యలో ముక్క వేసి రెండు చోట్ల క్లోజర్లు (అతుకును కాపాడే పెట్టెలు) పెట్టాలి. నా లింకులో విరిగేవి రెండు చివర్లే.

పచ్చ_కనెక్టర్: ఆ రెండు చివర్లూ పిడుగుకు ఎదురెళ్లి నిలబడతాయి! పీఓఈ పోర్టులు (డేటా తీగలోనే కరెంటు పంపేవి) కాలేది ఎక్కడ? లోహం లేని ఏడీఎస్‌ఎస్ కేబుల్‌లో కరెంటు పారదు. మిగులంటారా, 500 మీటర్లకోసారి 15 మీటర్ల చుట్ట వదలడం ఎవరైనా చేసే పనే. ఇక 9 కి.మీ. లింక్‌కు 5.8 గిగాహెర్ట్జ్‌లో మధ్యన ఫ్రెనెల్ వ్యాసార్ధం (రేడియో తరంగం తన దారి చుట్టూ ఆక్రమించే జాగా) 10.8 మీటర్లు. అందులో 60 శాతం, భూమి వంపు మరో 1.2 కలిపితే చెట్ల చివర్ల పైన దాదాపు 8 మీటర్ల ఖాళీ కావాలి. చెట్లు పెరుగుతాయి కూడా. టవర్ ఎక్కడం వస్తే చాలు నెట్‌వర్క్ వచ్చినట్టే అనుకునేవాళ్లతో వాదన దండగ.

టవర్_రాజు: స్ప్లైస్ మెషీన్ ఉన్నంత మాత్రాన వ్యాపారం వచ్చేయదు సార్. మీ ప్రతి లెక్కలోనూ 300 ఇళ్లూ మొదటిరోజే కనెక్షన్ తీసేసుకున్నాయి. 60 ఇళ్లే తీసుకుంటే?

నిర్వాహకుడు: మనుషుల మీదికి వెళ్లకండి.

పచ్చ_కనెక్టర్: 60తోనే ఆగిపోతుందని ఎందుకనుకోవాలి? ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె), డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి లాగేది) కనెక్షన్ తీసుకున్న ఇంటికే పడతాయి కదా.

టవర్_రాజు: ట్రంక్ (ప్రధాన కేబుల్) మాత్రం 60 ఇళ్లకైనా 300కైనా ఒకటే. ఇళ్లు రాకపోతే రేడియోలు విప్పి మరోచోట పెట్టుకుంటా. స్తంభాలకు కట్టిన 9 కి.మీ. కేబుల్ ఎవరు విప్పుతారు? మూడు సెక్టార్లకు 60 ఇళ్లంటే సెక్టార్‌కు 20, మీ లెక్కనే 60 ఎంబీపీఎస్. హాయిగా సరిపోతుంది.

పచ్చ_కనెక్టర్: సరిపోతుంది. ఇళ్లు 150 దాటితే సెక్టార్‌కు 50, అంటే 150 ఎంబీపీఎస్, మీ గోడ అక్కడే. ఆ తర్వాత ఇంకో సెక్టార్ పెడదామంటే శుభ్రమైన ఛానెల్ ఉండదు, పక్కవాడి రేడియో కూడా అదే లైసెన్సు లేని బ్యాండులో అరుస్తుంటుంది. అప్పుడు ఎలాగూ ఫైబర్ లాగాలి, ఈలోగా నెమ్మదైందని వెళ్లిపోయిన ఇళ్లు తిరిగి రావు.

టవర్_రాజు: అప్పటికి వచ్చిన డబ్బుతో లాగుతారు. ఇప్పుడైతే అప్పుతో లాగాలి. నా అభ్యంతరమల్లా దానిమీదే, గాజు మీద కాదు.

కొత్త_నోడ్: ముందు పేర్లు నమోదు చేయిస్తాను. 150 దాటితే ఫైబర్.

లైన్_మీద_లైన్: మొత్తం చూడకు, గుంపుల వారీగా చూడు. 150లో 110 పాప్‌కు దగ్గరి గుంపువే అయితే అక్కడిదాకా ఫైబర్ లాగి, అక్కడి నుంచి మిగతావాళ్లకు రేడియో పెట్టు. ఆ చివర తోపు అడ్డం రాదేమో చూసుకో.

పచ్చ_కనెక్టర్: లాగితే కేబుల్ 24 కోర్లకు (ఫైబర్ పోగులకు) తగ్గకు. పచ్చ ఏపీసీ కనెక్టర్‌లోకి నీలం యూపీసీ దూర్చేవాడిని మాత్రం స్తంభం ఎక్కనివ్వకు. రెండు ముఖాల కోణాలు కలవక నష్టం పెరుగుతుంది, తప్పంతా స్ప్లిటర్ మీద పడుతుంది.

టవర్_రాజు: 24 కోర్లు 300 ఇళ్లకా? 12 చాలు.

పచ్చ_కనెక్టర్: మళ్లీ మొదలెట్టారా.