"ఏకపక్ష తీర్పు" అంటే పక్షపాతమా?

— ఉగ్రవాద బాధితులు విదేశీ ప్రభుత్వాల మీద వేసే దావాల వార్తల్లో "ఏకపక్ష తీర్పు" అన్న మాట తరచూ కనబడుతోంది. కోర్టు బాధితుల వైపు మొగ్గిందనా దీని భావం? ఇంతకన్నా మంచి మాట ఉందా?

— కాదండీ. ప్రతివాది రాలేదు కాబట్టి వాది చెప్పింది మాత్రమే విని తీర్పిచ్చారని అర్థం. కోర్టుల్లో పాత వాడుకే. కానీ బయట "ఏకపక్షంగా తేల్చేశారు" అంటే అన్యాయం చేశారనే కదా! అందుకే ఈ కేసుల్లో ఆ మాట చూస్తే నాకు మనసొప్పదు.

పరాయి ప్రభుత్వం మీద అమెరికాలో మామూలుగా దావా నడవదు. 1976 చట్టం ఆ రక్షణ ఇచ్చింది. 1996లో దాన్ని సవరించి, ఉగ్రవాదానికి కొమ్ముకాస్తున్నాయని అక్కడి విదేశాంగ శాఖ ప్రకటించిన దేశాలకు ఆ రక్షణ వర్తించకుండా దారి తెరిచారు. సమన్లు అందాక జవాబివ్వడానికి 60 రోజుల గడువు. ఆ దేశాల్లో ఒకటైన ఇరాన్ చాలా కేసుల్లో అసలు హాజరే కాలేదు. అయినా వాది గెలిచినట్టు కాదు. కోర్టుకు తృప్తి కలిగేలా సాక్ష్యం చూపాలని చట్టంలోనే రాసుంది. 1983లో బీరూట్‌లో 241 మంది అమెరికా సైనికుల్ని బలిగొన్న పేలుడు కేసులో ఇరాన్ తరఫున ఎవరూ రాకపోయినా, 2003లో సాక్షుల్ని విచారించాకే దాని బాధ్యత తేల్చారు. అంత రుజువు చేసుకున్న కుటుంబాల తీర్పు ఏకపక్షం ఎలా అవుతుంది? "ప్రతివాది గైర్హాజరులో తీర్పు" అని రాస్తే చాలు.

— లాయర్లం మేం "ఎక్స్‌పార్టీ డిక్రీ" అనేస్తాం, మీ మాటే నయం. నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి: "కోర్టు పరిహారం ఇప్పించింది". ఇప్పించలేదండీ, ఇవ్వమంది! 1995లో గాజాలో బస్సు మీద జరిగిన దాడిలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రికి 1998లో ఇరాన్ మీద 24.75 కోట్ల డాలర్లకు డిక్రీ వచ్చింది. వాషింగ్టన్‌లో ఉన్న ఇరాన్ ఎంబసీ భవనాన్ని జప్తు చేయించబోతే, అమెరికా ప్రభుత్వమే కోర్టులో అడ్డుపడింది. బీరూట్ కుటుంబాలకు 2007లో 265 కోట్ల డాలర్లకు తీర్పొచ్చింది. ఇరాన్ కేంద్ర బ్యాంకు ఆస్తుల నుంచి కొంత రాబట్టుకోవడానికి సుప్రీంకోర్టు ఒప్పుకునేసరికి 2016 అయింది.

— నిజమే, డిక్రీ వేరు, వసూలు వేరు. కొందరు "జరిమానా" అని కూడా రాస్తున్నారు, అదీ తప్పే. జరిమానా ఖజానాకు పోతుంది, ఇది బాధితులకు రావలసిన సొమ్ము. హెడ్డింగ్ పెట్టేవాళ్లు "పరిహారం చెల్లించాలని ఇరాన్‌కు ఆదేశం" అంటే ఏ పేచీ ఉండదు.