సమస్యాపూరణం: రిక్థము గలవాఁడు రిక్తుఁ డయ్యె

సమస్య (ఆటవెలది నాలుగో పాదం; మిగతా మూడు పాదాలు పూరించాలి):
"రిక్థము గలవాఁడు రిక్తుఁ డయ్యె"

రిక్థం అంటే పెద్దల నుంచి సంక్రమించిన ఆస్తి. రిక్తుడు ఏమీ లేనివాడు. రెండూ 'రిచ్' ధాతువు బిడ్డలే: విడిచిపెట్టడం, ఖాళీ చేయడం. విరేచనం కూడా ఆ ఇంటిదే. థకారాన్ని తకారం చేయకండి, సమస్యే పోతుంది.

పూరణ 1
తాత విడిచినట్టి తరిపొలమంతయు
బాకి తీర్చ నమ్మె బావిఁ గూడ
పత్రమొకటి మిగిలెఁ బాతపెట్టెను జూడ
రిక్థము గలవాఁడు రిక్తుఁ డయ్యె

సమీక్ష: మూడో పాదంలో ప–బా యతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి) చెల్లుతుంది. 'బాకీ' అని దీర్ఘం ఉంచితే రెండు గురువులై సూర్యగణం (గురువు-లఘువు లేదా మూడు లఘువులు) చెడుతుంది, అందుకే కుదించారు. వాడుక మాట కనుక తప్పు పట్టను. అరబ్బీలో బాకీ అంటే మిగిలినది. విడిచినది, మిగిలినది ఒకే పద్యంలో ఎదురుపడ్డాయి, చాలా బాగుంది.

పూరణ 2
విడుచుటనెడి ధాతువే రెంటికినిఁ దల్లి
తండ్రి విడువ నదియె తనయు ధనము
పంచి యిచ్చువేళఁ బట్టు సడలినంత
రిక్థము గలవాఁడు రిక్తుఁ డయ్యె

సమీక్ష: ఈసారి నా మొగ్గు దీనికే. మాట పుట్టుకనే పూరణ చేశారు. అయితే 'తండ్రి విడువ' అన్నది బెంగాల్లో నడిచిన జీమూతవాహనుడి వారసత్వ ధర్మగ్రంథం దాయభాగానికి సరిపోతుంది. అక్కడ తండ్రి పోయాకే కొడుక్కి హక్కు. తెలుగునాట నడిచింది విజ్ఞానేశ్వరుడి ధర్మగ్రంథం మితాక్షర. అందులో పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే వాటా. దానికి అప్రతిబంధ దాయం అని పేరు.

'తనయు' దగ్గరా ఆగాలి. ఋగ్వేదంలో (3.31.2) "న జామయే తాన్వో రిక్థమారైక్" అని ఉంది: కొడుకు తోబుట్టువుకు రిక్థం వదల్లేదని. ఆ 'ఆరైక్' కూడా రిచ్ ధాతురూపమే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. 'తనయు ధనము' బదులు 'తరము సొత్తు' అనండి: నగణం (మూడు లఘువులు), హగణం (గురువు-లఘువు) సరిపోతాయి, యతి నిలుస్తుంది, కూతురూ వస్తుంది.

పూరణ 3
దాయమనఁగ నిచ్చు ధనమని యర్థము
దానిఁ దినెడివాఁడె దాయాది గద
వ్యాజ్యమాడి పోర వాటాలె కరఁగెను
రిక్థము గలవాఁడు రిక్తుఁ డయ్యె

సమీక్ష: రెండో పాదంలో గణభంగం. 'దాయాది' తగణం (రెండు గురువులు, ఒక లఘువు), అంటే ఇంద్రగణం. సరి పాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి. పైగా దాయాదుడు దాయాన్ని 'ఆదత్తే', పుచ్చుకునేవాడు. 'తినెడి' కన్నా 'పొందు' సూటి. ఇలా మార్చవచ్చు:

దానిఁ బొందువాఁడె దాయ యగును

తెలుగులో దాయ అంటే జ్ఞాతి, శత్రువు కూడా. మూడో పాదంలోని వ్యాజ్యానికి అది బాగా అమరుతుంది. సవరించి మళ్ళీ పెట్టండి.