తపాలా సమ్మె పడితే శ్రీకాకుళానికి ఏటి నష్టం?

నాగావళి గట్టు:
తపాలా వాళ్లు సమ్మె నోటీసు ఇచ్చారట. ఇప్పుడు ఉత్తరాలు రాసేవాడెవడు? 2013లో టెలిగ్రామే పోయింది, ఊరేం మునిగిపోలేదు. పింఛను సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిస్తున్నారు. పార్శిళ్లకి కొరియర్లున్నాయి. టౌన్లో ఆగేదేటి?

ఏడురోడ్ల కూడలి:
పాస్‌పోర్టు ఆగుతుంది, అది స్పీడ్ పోస్టులోనే రావాలి. సమ్మె ఒక్కరోజే కదా అనుకోకండి. మర్నాడు రెండు రోజుల సంచులు ఒకేసారి దిగుతాయి, బీటుకి, అంటే పోస్ట్‌మ్యాన్ తిరిగే వీధులకి, మనిషి మాత్రం ఒక్కడే. సంతకం తీసుకోవలసిన వాటిని ముందు సర్దుకుంటాడు, మామూలు కవర్లు అడుగున పడతాయి. ఇంటర్వ్యూ లెటరు అలా పడితే అంతే సంగతులు.

గంటస్తంభం (విజయనగరం):
అసలు దెబ్బ చెక్ బౌన్స్ నోటీసులకి. చెక్కు చెల్లలేదని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో పంపాలి. ఆఖరి రోజు కౌంటరు మూసుంటే?

నాగావళి గట్టు:
కొరియర్లో పంపండి. పోస్టులోనే పంపాలని చెక్ బౌన్స్ సెక్షన్ 138లో ఎక్కడుంది?

గంటస్తంభం:
లిఖితపూర్వకంగా అనే ఉంది, కాదనను. కానీ సరైన అడ్రసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే చేరినట్టే లెక్క, అది జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27. కొరియర్‌కి ఆ వీలు లేదు. అవతలివాడు నాకు రానేలేదంటే రుజువు చేసుకోవలసింది మీరే. పైగా డబ్బు కట్టడానికి వాడికిచ్చే 15 రోజుల గడువు నోటీసు అందాకే మొదలు. సంచిలో వారం పడుంటే కేసూ వారం వెనక్కి.

నాగావళి గట్టు:
అలగైతే ఆఖరి రోజుదాకా ఎవరు కూర్చోమన్నారు?

గంటస్తంభం:
గడువు చట్టం ఇచ్చింది బాబూ, మీరిచ్చింది కాదు.

పొందూరు ఖద్దరు:
ఇద్దరూ ఆ చెక్కు వదలరా? పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) సంగతి ఎవరైనా చెప్పండి.

ఏడురోడ్ల కూడలి:
నెల మొదటి సగంలో తెరిచిన ఆర్డీకి ప్రతి నెలా 15లోపు కట్టాలి. తప్పితే వందకి రూపాయి ఫైను, అంటే 5,000 వాయిదాకి 50. సుకన్య సమృద్ధి, పీపీఎఫ్ పొదుపు ఖాతాలకి 5వ తారీఖు దాటితే ఆ డబ్బుకి ఆ నెల వడ్డీ లేదు. ఐపీపీబీ (తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకు) ఖాతా ఉంటే మూడూ ఫోన్లోంచే కట్టొచ్చు, ఖాతా నంబరూ కస్టమర్ ఐడీ దగ్గరుంచుకోండి. ఏజెంటుకి ఇచ్చేవాళ్లకే చిక్కు: లిస్టు కౌంటర్లో పడిన రోజే కట్టినట్టు, మీరు డబ్బు చేతికిచ్చిన రోజు కాదు.

మందస రోడ్డు:
అన్నీ టౌను లెక్కలే. పల్లె బ్రాంచి ఆఫీసుకి నగదు కూడా సబ్ ఆఫీసు నుంచి సంచితోనే రావాలి. సంచి లేకపోతే విత్‌డ్రాయల్ లేదు. 2018 మే 22న గ్రామీణ డాక్ సేవకులు, అంటే పల్లె ఆఫీసుల పార్ట్‌టైం సిబ్బంది, దిగిన సమ్మె రెండు వారాలు దాటింది. తాళాలు పడింది ఎక్కువగా పల్లె ఆఫీసులకే, అందుకే మీకు తెలీలేదు.

నాగావళి గట్టు:
నేనన్నదీ అదే కదా! దెబ్బ తినేది పల్లె ముసలాళ్లు. నాలుగైదు గంటల పనికి అంత పట్టుదలేటి?

మందస రోడ్డు:
నాలుగు గంటలు కాగితం మీద. ఆ సమ్మె తర్వాత కూడా నాలుగు గంటల స్లాబులో బీపీఎంకి (బ్రాంచి పోస్టుమాస్టరు) నెలకి 12,000, ఏబీపీఎంకి (అతని అసిస్టెంటు) 10,000 దగ్గరే మొదలు, డీఏ వేరు. ఆఫీసుకి గది కూడా బీపీఎమ్మే చూసుకోవాలి. మీ కోపం సమ్మె మీద కాదు మాస్టారూ, పార్ట్‌టైం వాడు సర్కారు జీతం అడిగాడని.

నాగావళి గట్టు:
అవును, అదే! పరీక్ష లేదు, పదో తరగతి మార్కులతో వచ్చిన పోస్టు. ఏళ్లకేళ్లు గ్రూప్స్ రాస్తున్న పిల్లలు జిల్లాలో లేరేటి? వాళ్లకి ఏం చెప్తారు?

మందస రోడ్డు:
కొండెక్కి గూడేనికి కవరు చేర్చడానికి ఏ పరీక్ష పెడతారో మీరే చెప్పండి. మీ కొరియర్ వాడు ఫోన్ చేసి కిందకి రమ్మంటాడు.

గంటస్తంభం:
నా 30 రోజుల ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

పొందూరు ఖద్దరు:
గొడవ మధ్యలో అడుగుతున్నాను. సమ్మె 14, 15 తారీఖుల్లో పడితే ఆర్డీ 13న కట్టొచ్చా?

ఏడురోడ్ల కూడలి:
12నే కట్టించమ్మా. 13న ఏజెంట్లందరూ లిస్టులు పట్టుకుని అదే కౌంటరు మీద పడతారు, సర్వరు నత్తనడక నడుస్తుంది. పాస్‌బుక్కులో ఎంట్రీ తేదీ చూసుకునే బయటికి రా.